ఓనర్ అద్దె పెంచుతానంటే: చట్టం ఎక్కడ ఆపుతుంది, ఎక్కడ ఆపదు

హైదరాబాద్‌లో ఇంటి ఓనర్ అద్దె ఎంతవరకు పెంచొచ్చు అని అడిగితే, చట్టం చెప్పే జవాబు అద్దెకుండేవాళ్లకు రుచించదు. మీరుంటున్నది మామూలు అపార్ట్‌మెంట్ ఫ్లాటో, ఇండిపెండెంట్ ఇంట్లో ఒక పోర్షనో అయితే పెంపుకు పైపరిమితి అంటూ ఏమీ లేదు. ఏడాదికి 5 శాతమే పెంచాలనో, 10 శాతం దాటకూడదనో మనం అనుకునేది ఆనవాయితీ. ఏ సెక్షన్‌లోనూ ఆ అంకె కనబడదు.

కానీ పెంపు ఎప్పటి నుంచి అమలవుతుంది, ఎలా అడగాలి, మీరు ఒప్పుకోకపోతే ఓనర్ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్న విషయాల్లో చట్టం గట్టిగానే ఉంది. చిక్కేమిటంటే చాలామంది శాతం దగ్గర గొడవపడతారు. అక్కడ వాళ్లకు బలం లేదు. తేదీ దగ్గర, కాగితం దగ్గర మాత్రం మాట్లాడకుండా ఊరుకుంటారు. బలమంతా ఉన్నది అక్కడే.

రెంట్ కంట్రోల్ ఉంది కదా?

ఉంది. మీకు వర్తించే అవకాశం మాత్రం చాలా తక్కువ. దీని కథ కాస్త చెప్పుకోవాలి.

తెలంగాణలో అద్దె నియంత్రణ అంటే 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టమే. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం వేర్వేరుగా నడిచేవి. రాష్ట్రం ఉమ్మడి అయ్యాక రెండింటి బదులు ఒకటే తెచ్చారు. చదివితే ఇది పూర్తిగా అద్దెదారు వైపు నిలబడ్డ చట్టమే అనిపిస్తుంది. రెంట్ కంట్రోలర్ 'న్యాయమైన అద్దె' నిర్ణయిస్తారు. ఒకసారి నిర్ణయించాక అదనపు వసతులు కల్పించడం, పన్నులు పెరగడం లాంటి కొద్దిపాటి కారణాలుంటే తప్ప పెంచడానికి లేదు. చట్టంలో రాసిన కారణాలు తప్ప వేరే కారణంతో ఖాళీ చేయించడానికీ లేదు. న్యాయమైన అద్దె లెక్కకు చట్టం రాసినవాళ్లు ఏ అద్దెలను ప్రాతిపదికగా తీసుకున్నారో చూస్తే ఇది ఏ కాలం నాటి సరుకో అర్థమవుతుంది: 1944 ఏప్రిల్ 5కి ముందు 12 నెలల్లో ఆ చుట్టుపక్కల నడిచిన అద్దెలు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజులన్నమాట.

ఇంత కట్టుదిట్టం చేస్తే కొత్త ఇళ్లు ఎవరు కడతారన్న భయంతో 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మినహాయింపు ఇచ్చారు. పావు శతాబ్దం గడిచినా ఆ మినహాయింపు అలాగే ఉండిపోయింది. ఒకే వీధిలో 1956లో కట్టిన ఇంట్లో ఉన్నవాడికి రక్షణ ఉంటే, 1958లో కట్టిన పక్కింట్లో ఉన్నవాడికి లేదు. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇది సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. దాంతో ప్రభుత్వం దారి మార్చింది. కట్టిన తేదీతో పాటు అద్దె మొత్తాన్ని కూడా గీటురాయి చేసింది. నెలకు 1,000 రూపాయలు దాటిన ఇళ్లకు చట్టం వర్తించదంది. 2005 సవరణలో ఆ గీతను మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో 3,500కి, మిగతా చోట్ల 2,000కి జరిపారు. కొత్తగా కట్టిన భవనాలకు కొన్నేళ్ల మినహాయింపు ఎలాగూ ఉంది.

ఇవాళ కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో 3,500కి ఏం వస్తుందో మీకే తెలుసు. అంటే రెంట్ కంట్రోల్ ఇప్పుడు ప్రధానంగా ఆబిడ్స్, సుల్తాన్ బజార్, బేగంబజార్, సికింద్రాబాద్ లాంటి చోట్ల పాత మల్గీల్లో (దుకాణపు గదుల్లో), పాత ఇళ్లలో తరాలుగా ఉంటున్నవాళ్ల వ్యవహారం. మీ అద్దె అంత తక్కువైతే మీరు వెళ్లాల్సింది రెంట్ కంట్రోలర్ దగ్గరికి. హైదరాబాద్‌లో ఆ కేసులు నడిచేది సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో. మిగతా అందరినీ ఏలేది ఇంకా పాత చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం.

11 నెలల కాగితం

ఆ చట్టంలో అద్దె అంటే ఇద్దరి మధ్య ఒప్పందం. ఒప్పందాన్ని ఒకరే మార్చలేరు. పెంపు గురించి ఎన్ని ప్రశ్నలు వేసినా చివరికి జవాబు ఈ ఒక్క సూత్రం దగ్గరికే వస్తుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. జూన్ 1 నుంచి 11 నెలలకు అగ్రిమెంటు రాసుకున్నారు. అద్దె 22,000. 'ఇరువురి అంగీకారంతో రెన్యువల్ చేసుకోవచ్చు, రెన్యువల్‌పై 5 శాతం పెంపు' అని ఒక లైను ఉంది. నవంబర్‌లో ఓనర్ నుంచి వాట్సాప్ వచ్చింది: 'ఏరియాలో రేట్లు బాగా పెరిగాయి, జనవరి నుంచి 26,000 వేయండి.'

జనవరి నుంచి పెంచే హక్కు ఓనర్‌కు లేదు. గడువు ఏప్రిల్ 30 దాకా ఉంది. మధ్యలో పెంచొచ్చని అగ్రిమెంట్‌లో రాసుకుంటే తప్ప అప్పటిదాకా 22,000 మాత్రమే. 'ఏరియాలో రేట్లు' అన్నది కారణమే కాదు. రేట్లు పడిపోతే మధ్యలో మీ అద్దె తగ్గించరు కదా.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. జనవరి, ఫిబ్రవరి రెండు నెలలు మీరు నోరెత్తకుండా 26,000 ట్రాన్స్‌ఫర్ చేశారనుకోండి. అగ్రిమెంటులో ఏముందన్నది అలా ఉంచితే, కొత్త అద్దెకు మీరు ఒప్పుకున్నట్టు చెప్పడానికి ఓనర్ చేతిలో మీ బ్యాంకు స్టేట్‌మెంటే ఉంటుంది. ఒప్పుకోకపోతే పాత అద్దె వేసి, 'అగ్రిమెంటు ప్రకారం ఏప్రిల్ 30 దాకా 22,000' అని మర్యాదగానే ఒక మెసేజ్ పెట్టాలి. ఊరుకోవడం అన్నిటికన్నా నష్టం.

ఇక ఏప్రిల్ 30 తర్వాత? 5 శాతమే కదా, 23,100 అవుతుందని అద్దెదారు అనుకుంటాడు. ఆ లైనును మళ్లీ చదవండి. 'ఇరువురి అంగీకారంతో' అని ఉంది. అంటే రెన్యువల్ చేసి తీరాలని ఓనర్ మీద బాధ్యత లేదు. రెన్యువల్ చేస్తే 5 శాతం, చేయనంటే అసలు ఏమీ లేదు. 'అద్దెదారు కోరితే మరో 11 నెలలకు 5 శాతం పెంపుతో ఓనర్ రెన్యువల్ చేయాలి' అని రాసుకుని ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఆ అంకె మీ చేతిలో ఉన్నట్టే. రెండు వాక్యాలకూ తేడా నాలుగైదు మాటలే. నోటరీ షాపులో ఇచ్చే రెడీమేడ్ ఫార్మాట్లలో ఎక్కువగా కనబడేది మొదటి రకం. సంతకానికి ముందు అడిగి మార్పించుకోవాల్సింది దాన్నే. అద్దె మీద బేరమాడి వెయ్యి తగ్గించుకున్నామని సంబరపడేవాళ్లు ఈ లైను జోలికి పోరు.

అసలు 11 నెలలే ఎందుకు? ఏడాది మించిన లీజు, లేదా ఏడాదికేడాది నడిచే లీజు రిజిస్టర్ చేయించాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. రిజిస్ట్రేషన్ అంటే స్టాంపు డ్యూటీ, ఫీజు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం. అందుకే 11 దగ్గర ఆపుతారు. దీనికి తోడు, పన్నెండేళ్లుంటే ఇల్లు కిరాయిదారుడిదైపోతుందన్న భయం ఓనర్లలో ఉంది. అది అపోహ. ఓనర్ అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా అద్దెదారే. ఓనర్ హక్కును కాదనే వీలు కూడా సాక్ష్య చట్టం అతనికి ఇవ్వదు.

గడువు అయిపోయినా అక్కడే ఉంటుంటే

మనవాళ్లలో చాలామంది ఇక్కడే ఉన్నారు. మొదటి ఏడాది అగ్రిమెంటు రాసుకున్నారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, మూడేళ్లుగా అద్దె మాత్రం నెలనెలా వెళ్తోంది. కొందరికైతే మొదటినుంచీ కాగితమే లేదు. 'అగ్రిమెంటు లేదు కాబట్టి నీకే హక్కూ లేదు' అని ఓనర్ బెదిరిస్తాడు, వీళ్లు నమ్ముతారు.

హక్కులు ఉన్నాయి. గడువు తీరాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం పాత షరతుల మీదే నెలనెలా సాగే అద్దెగా అది కొనసాగుతుంది. పాత షరతుల్లో పాత అద్దె కూడా ఒకటి. కాగితమే లేకపోయినా అంతే. యూపీఐలో నెలనెలా వెళ్లిన డబ్బే మీరు అద్దెదారని చెప్పే సాక్ష్యం.

ఈ రకం అద్దెను ముగించాలంటే ఇద్దరిలో ఎవరైనా 15 రోజుల నోటీసు ఇవ్వాలని 106వ సెక్షన్ అంటుంది. అగ్రిమెంటులో నెల అనో రెండు నెలలనో రాసుకుని ఉంటే ఆ గడువు చెల్లుతుంది. నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పోస్టులో పంపాలి, లేదా చేతికో ఇంట్లోవాళ్లకో ఇవ్వాలి, అదీ కుదరకపోతే ఇంటికి అంటించాలి. గడువు లెక్క మీకు అందిన రోజు నుంచి మొదలవుతుంది. సెక్షన్‌లో వాట్సాప్ ఊసు లేదు. 1882లో రాసినది మరి. 15 రోజులకు ఒకటి రెండు రోజులు తక్కువైందని నోటీసు చెల్లదని వాదించే రోజులు కూడా పోయాయి. కేసు వేసేనాటికి గడువు దాటి ఉంటే చాలని సవరణ వచ్చింది.

ఇక పెంపుకు వద్దాం. నెలనెలా సాగే అద్దెలో కూడా ఓనర్ తనంతట తాను అంకె మార్చలేడు. అతను చేయగలిగింది, అద్దె ఒప్పందాన్నే ముగిస్తున్నానని నోటీసు ఇవ్వడం. కొత్త అద్దెకు ఒప్పుకుంటే ఉండండి, లేకపోతే ఖాళీ చేయండి అనడం. పెంచే హక్కు లేదు కానీ, పెంచకపోతే వద్దనే హక్కు ఉంది. అద్దెదారుకు ఇది ఒకటేలా అనిపించవచ్చు, కాదు. మొదటిది నిజమైతే పెంచిన మొత్తం మీ మీద బాకీగా పడేది. రెండోది కాబట్టి పడదు. ఓనర్ ముందు నోటీసు ఇవ్వాలి, తర్వాత కోర్టుకెళ్లాలి. ఆ మధ్యకాలమంతా మీకు మాట్లాడుకోవడానికి ఉన్న సమయమే.

వంద రూపాయల స్టాంపు మీద మూడేళ్ల లీజు

దీని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తెలివైనవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతింటారు. 'ప్రతి ఏడాదీ ఈ గొడవ ఎందుకు, మూడేళ్లకు రాసేసుకుందాం, ఏటా 5 శాతం' అని ఇద్దరూ మంచిగా అనుకుని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ చేయించుకుని, నిశ్చింతగా ఉంటారు. రెండో ఏడాది ఓనర్ 20 శాతం అడుగుతాడు. అద్దెదారు కాగితం తీస్తాడు.

ఆ కాగితం రిజిస్టర్ కాలేదు. మూడేళ్ల లీజు రిజిస్టర్ కాకపోతే మూడేళ్ల గడువును నిరూపించడానికి అది పనికిరాదు. మీరు అద్దెదారుగా ఉన్నారని, ఇంట్లోకి ఫలానా రోజు వచ్చారని చెప్పడానికి పనికొస్తుంది, అంతే. ఇలాంటి చోట నెలనెలా సాగే అద్దె ఉన్నట్టు భావించాలని 2000లో ఆంథోనీ వర్సెస్ ఇట్టూప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మూడేళ్ల ధీమా కాస్తా 15 రోజుల నోటీసు దగ్గర ఆగుతుంది. నోటరీ ముద్రకు రిజిస్ట్రేషన్ విలువ లేదు. ఎన్ని ముద్రలు కొట్టించినా రాదు.

నా అభిప్రాయం అడిగితే, పిల్లల స్కూలు దగ్గర్లోనే ఉండాలనో, ఇంట్లో పెద్దవాళ్లున్నారనో మూడు నాలుగేళ్లు కదలకూడదనుకునేవాళ్లు రిజిస్ట్రేషన్ ఖర్చు తామే పెట్టుకుంటామని ఓనర్‌ను ఒప్పించడం మంచిది. ఏటా ఎంత పెరుగుతుందో అందులో రాసుకోవచ్చు. ఇల్లు మారడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి, తేలిపోతుంది. మల్గీలు, ఆఫీసులు తీసుకునేవాళ్లకైతే ఇది సలహా కూడా కాదు, తప్పనిసరి. లక్షలు పోసి ఇంటీరియర్ చేయించి, రిజిస్టర్ కాని లీజు మీద కూర్చోవడం ఏ వ్యాపారికీ తగదు.

ఇంకో మాట. మధ్యలో ఓనర్ ఇల్లు అమ్మేస్తే, కొత్త ఓనర్ పాత ఓనర్ స్థానంలోకి వస్తాడంతే. మీ లీజు అలాగే ఉంటుంది. 'నేను కొన్నాను, నా రేటు ఇది' అనడం గడువు తీరేదాకా కుదరదు.

రీల్స్‌లో వచ్చే 'కొత్త అద్దె చట్టం'

రెండు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదట, పెంచాలంటే మూడు నెలల ముందు చెప్పాలట, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలట. ఫోన్లలో ఇలాంటివి తిరుగుతుంటాయి. ఇవి గాల్లోంచి పుట్టినవి కాదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఉన్నాయి. గడువున్న ఒప్పందంలో ముందే రాసుకోకపోతే మధ్యలో అద్దె పెంచకూడదని అందులో స్పష్టంగా ఉంది. నివాసపు ఇళ్లకు రెండు నెలలు, వాణిజ్య స్థలాలకు ఆరు నెలలు అడ్వాన్స్ పరిమితి ఉంది. ఓనర్లకు అనుకూలమైనదీ ఉంది: గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగింతలు. రీల్స్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. అద్దె ఇంత శాతమే పెంచాలన్న పరిమితి మాత్రం అందులోనూ లేదు. అద్దెను ఇద్దరి ఒప్పందానికే వదిలేసింది.

ముఖ్యమైన సంగతి, అది నమూనా మాత్రమే. ఇళ్ల అద్దెల మీద చట్టం చేసుకోవాల్సింది రాష్ట్రాలు. రాష్ట్రం తనదిగా చేసుకుంటే తప్ప మీ ఓనర్‌కు అది చూపించి లాభం లేదు. తెలంగాణ 1960 చట్టంతోనే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ మాత్రం ముందే కదిలింది. 1960 చట్టం స్థానంలో నివాస, నివాసేతర భవనాల అద్దెలకు 2017లో కొత్త చట్టం చేసుకుంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, పెంపు ఆ ఒప్పందం ప్రకారం జరగాలి అన్నది దాని సారం. కాబట్టి విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవాళ్లు హైదరాబాద్ బంధువు చెప్పింది విని 3,500 గీత గురించి ఆలోచించనక్కర్లేదు. కాగితం రాసుకోకపోతే మాత్రం హైదరాబాద్ వాళ్లకన్నా ఎక్కువ చిక్కులో పడతారు.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకు తమిళనాడు అద్దె చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ అడిగే అలవాటు అందరికీ తెలిసిందే. అక్కడి 1999 రెంట్ యాక్ట్‌లో కూడా నగరానికి ఇదే 3,500 గీత ఉంది కాబట్టి, కథ మళ్లీ ఆస్తి బదిలీ చట్టానికే వస్తుంది. పైపరిమితి పెట్టిన చోట్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో 2020 నుంచి పాతబడిన అపార్ట్‌మెంట్లలో ఏడాది పెంపు 5 శాతం ప్లస్ ధరల పెరుగుదల, ఎంతైనా 10 శాతం దాటకూడదు. మనవాళ్లు అంతకంతకూ చేరుతున్న టెక్సాస్‌లో అలాంటి పరిమితి లేదు.

ఒప్పుకోనప్పుడు చేయాల్సింది, చేయకూడనిది

అద్దె ఆపకూడదు. కోపంతో చాలామంది చేసే పని ఇదే. పెంచుతానన్నాడు కాబట్టి అసలే ఇవ్వను, అడ్వాన్స్‌లో కట్ చేసుకోమను అంటారు. అద్దె ఎగ్గొట్టినవాడన్న ముద్ర పడితే మీ మిగతా వాదనలన్నీ పలచబడతాయి. పాత అద్దె అదే తేదీకి, బ్యాంకు ద్వారానే వేయాలి. ఓనర్ వెనక్కి పంపితే ఆ రికార్డు దాచుకోండి, మనియార్డరు చేయండి, తీసుకోవడం లేదని రాతపూర్వకంగా తెలియజేయండి. 1960 చట్టం కింద ఉన్న పాత అద్దెదారులకైతే రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేసే వెసులుబాటు కూడా ఉంది. ఎప్పుడూ క్యాషే ఇస్తున్నవాళ్లు, గొడవ మొదలవకముందే బ్యాంకుకు మారాలి, లేదా రశీదు తీసుకోవాలి.

ఓనర్ వైపు నుంచి చేయకూడనిది ఒకటే: కోర్టుకు వెళ్లకుండా తనే ఖాళీ చేయించడం. తాళం మార్చడం, సామాన్లు బయట పెట్టడం, మోటారు ఆపేయడం, కరెంటు పీకేయడం, నలుగురిని వెంటేసుకొచ్చి గుమ్మం ముందు నిలబడటం. ఇల్లు తనదే అయినా సరే. గడువు తీరిన అద్దెదారును కూడా చట్టప్రకారం తప్ప కదిలించకూడదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. 1989లో కృష్ణారాం మహాలే కేసు వాటిలో పేరున్నది. బలవంతంగా బయటికి నెట్టేస్తే 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, మిమ్మల్ని ఎలా బయటికి పంపారన్నదే చూస్తారు. ఇంకా జరగలేదు, జరిగేలా ఉందనిపిస్తే అలా చేయొద్దని కోర్టు ఇచ్చే ఇంజంక్షన్ ఆదేశం కోరవచ్చు. పోలీసులు 'సివిల్ మేటర్' అని పంపేస్తారన్నది చాలామంది అనుభవం. అద్దె ఎంత అన్నది నిజంగానే సివిల్ మేటరు. తాళం పగలగొట్టి లోపలికి రావడం, కొట్టడం, బెదిరించడం మాత్రం కాదు. ఫిర్యాదులో అద్దె పురాణం రాయకుండా ఈ పనులనే రాస్తే వినే అవకాశం ఎక్కువ.

ఇంత రక్షణ ఉంది కదా అని ఏళ్లకేళ్లు లాగొచ్చా? ఒకప్పుడు లాగేవాళ్లు. 2004లో ఆత్మారాం ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఖాళీ చేయమని డిక్రీ వచ్చాక అప్పీలు పేరుతో కూర్చుంటే పాత అద్దె కాదు, మార్కెట్ రేటు కట్టాలంది. అంతకుముందు కాలానికి కూడా, నోటీసుతో అద్దె ముగిసిన నాటి నుంచి నష్టపరిహారం అడిగే హక్కు ఓనర్‌కు ఉంది. కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు, లాయర్ ఫీజు దానికి అదనం. నాలుగు వేల పెంపు కోసం ఆ దారి పట్టడం తెలివైన పని కాదని నేననుకుంటాను.

అందుకే లెక్క వేసుకుని మాట్లాడటం మేలు. పై ఉదాహరణే చూడండి. ఓనర్ అడుగుతున్న అదనం నెలకు 4,000, ఏడాదికి 48,000. మీరు ఖాళీ చేసి ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటేనే అతనికి 22,000 పోతుంది. రంగులు, చిన్న చిన్న రిపేర్లు, బ్రోకర్ వైపు ఖర్చు కలిపితే మొదటి ఏడాది అతనికి మిగిలేది ఏమంత ఉండదు. మీకూ అంతే. కొత్త ఇంటికి బ్రోకర్‌కు ఒక నెల అద్దె, సామాన్ల లారీ, ఏసీ, గీజర్ విప్పి బిగించడం, పాత అడ్వాన్స్ చేతికి రాకముందే కొత్త అడ్వాన్స్. ఇద్దరి నష్టమూ బల్ల మీద పెడితే 24,000 దగ్గర కుదరడం పెద్ద కష్టం కాదు. కుదిరాక మాత్రం కొత్త కాగితం రాయించుకోండి, ఈసారి ఆ రెన్యువల్ లైను సరిచేయించుకుని.

అద్దె పెరగదు, ఖర్చు పెరుగుతుంది

అద్దె పెంచకుండానే పెంచే దారులు కొన్ని ఉన్నాయి. మెయింటెనెన్స్ అందులో మొదటిది. అసోసియేషన్ పెంచితే అది అద్దెదారు మీదికి వస్తుంది. అగ్రిమెంటులో 'అద్దె 22,000, మెయింటెనెన్స్ అదనం' అని ఉందా, 'మెయింటెనెన్స్‌తో కలిపి' అని ఉందా చూసుకోండి. రెండోదైతే అసోసియేషన్ పెంపు ఓనర్ భరించాల్సిందే. లిఫ్టు మార్చడం, బిల్డింగంతటికీ రంగులు వేయించడం లాంటి పెద్ద ఖర్చుల కోసం వేసే ప్రత్యేక వసూళ్లు ఓనర్లవి, అవి నెలవారీ మెయింటెనెన్స్ కాదని ముందే రాసుకోవడం మంచిది. సబ్‌మీటర్ ఉన్న పోర్షన్లలో యూనిట్‌కు ఎంత అన్నది కూడా అంతే.

ఇక పెయింటింగ్. పెంపు దగ్గర తగ్గిన ఓనర్లు కొందరు ఆ డబ్బు అడ్వాన్స్‌లో రాబట్టుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కని కట్ చేయడం హైదరాబాద్‌లో ఎంత మామూలైపోయిందంటే, అది రూలే అనుకుంటున్నారు. చట్టంలో ఉన్నది వేరు. తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా అప్పగించాలి, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల మినహాయించి. మూడేళ్లలో గోడల రంగు వెలిసిపోవడం సహజ అరుగుదలే. గోడకు పెద్ద కన్నాలు పెట్టడం, తలుపు విరగ్గొట్టడం కాదు. అయితే అగ్రిమెంటులో 'ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ చార్జీలు' అని మీరే సంతకం పెట్టి ఉంటే చట్టం పక్కకు తప్పుకుంటుంది. చేరిన రోజే గోడలు, బాత్రూమ్ ఫిటింగులు వీడియో తీసి ఓనర్‌కు పంపి పెట్టుకోండి. ఆ వీడియో విలువ మూడేళ్ల తర్వాత తెలుస్తుంది.

రిపేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్లాబు కారుతోంది, చేయిస్తానని రాసిచ్చిన ఓనర్ ఎంతకీ చేయించడం లేదు. నోటీసు ఇచ్చి, సరిపడా గడువిచ్చినా కదలకపోతే, ఓనర్ చేయించాల్సిన రిపేరును మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇచ్చింది. బిల్లులుండాలి, నోటీసు కాపీ ఉండాలి. పెంపు మాటలు నడుస్తున్నప్పుడు ఈ బిల్లులు బాగా పనికొస్తాయి. అప్పటిదాకా కదలని ఓనర్లు కొందరు ఈ సెక్షన్ పేరెత్తగానే ప్లంబర్‌కు ఫోన్ చేస్తారు.

పెద్ద అద్దెలవాళ్లకు ఒక సూచన. పెంపుతో మీ అద్దె నెలకు 50,000 దాటితే, కట్టేది మామూలు ఉద్యోగి అయినా సరే అద్దెలోంచి టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ రేటు 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. 48,000 నుంచి 51,000కి పెంచుతానన్న ఓనర్‌కు ఈ సంగతి చెప్తే, కొందరు 50,000 దగ్గరే ఆగుతారు.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ చేయించే పద్ధతి కూడా ఉంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు అగ్రిమెంటు కాపీ, చివరి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, పెంపు గురించి ఓనర్‌తో నడిచిన మెసేజ్‌ల ప్రింటు పట్టుకెళ్లండి.